‘పోయొస్త’ అనని ఇల్లు
బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో నేనూ నా స్నేహితురాలూ ముసలివాళ్లను చూసుకునే ఒకే కేర్ హోమ్‌లో పనిచేస్తాం. ఆమెది జాంబియా, నాది కరీంనగర్. రోటాలో ఇద్దరికీ ఒకే షిఫ్టు పడిందంటే ఆ రోజు నాకు పండగే.

పోయిన ఏడాది ఆమె చెల్లెలి భర్త జాంబియాలో చనిపోయాడు. లీవు దొరక్క ఆమె వెళ్లలేకపోయింది. నేను అన్నం, పప్పు వండుకుని ఆమె ఫ్లాట్‌కు వెళ్లాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఏడ్చాం. చీకటి పడకముందే లేచి, ఒక్క మాటా లేకుండా చెప్పులేసుకుని వచ్చేశాను. చావింటి నుంచి కదిలేటప్పుడు మా వైపు ఎవరూ ‘పోయొస్త’ అనరు. అలాంటి పని మీద ఆ ఇంటికి మళ్లీ రాకూడదని.

మర్నాడు ఆమె ముఖం మాడ్చుకుంది. నేనిచ్చిన టీ కూడా ముట్టలేదు. వాళ్ల దగ్గర చావింటికి వచ్చిన ఆడవాళ్లు రాత్రి అక్కడే పడుకుంటారని తర్వాత తెలిసింది. నేనేమో దొంగలా జారుకున్నాను! ఇంట్లో చెబితే మా ఆయన, “మన రివాజు ఆమెకెట్ల ఎరుక? పోయి చెప్పరాదు” అన్నాడు.

వెళ్లి చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

“అంటే, మా ఇంట్లో ఇంకో చావు రావద్దని అలా వెళ్లావా? పిచ్చిదానా, ముందే చెప్పొచ్చుగా!” అని నన్ను వాటేసుకుంది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. అంత్యక్రియలు అయ్యాయో లేదో, పోయినతని అన్నలు ఆమె చెల్లెల్నీ పిల్లల్నీ బయటికి నెట్టి ఇంటికి తాళం వేశారు. మంచాలు, గిన్నెలు, ఆమె కుట్టుమిషను కూడా పట్టుకుపోయారు. చట్టం ఒప్పుకోకపోయినా, మొగుడు పోతే అన్నీ అతని వాళ్లవేనని లాక్కునేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారట. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మా నాన్న పోయినప్పుడు మా బాబాయిలు కూడా అమ్మతో “నీకెందుకు ఇల్లు” అన్నవాళ్లే.

చెల్లెలు కోర్టుకెక్కింది. ఇల్లు కట్టింది తమ తమ్ముడొక్కడేనని, ఆమె ఒక్క ఇటుకైనా ముట్టలేదని అన్నలు వాదించారు. ఆ మాట వినగానే నా స్నేహితురాలు దిగ్గున లేచింది. ఇల్లు లేస్తున్నన్నాళ్లూ చెల్లెలు ఆమెకు ఫోటోలు పంపేది! బ్రేక్‌లో ఇద్దరం స్టాఫ్ రూములో కూర్చుని ఫోనంతా వెతికాం. వీపున పసిబిడ్డను కట్టుకుని, నెత్తిన ఇటుకలు మోస్తూ చెల్లెలు. మోకాళ్ల దాకా బురదలో మట్టి తొక్కుతూ చెల్లెలు. “ఇది చూడు, ఇది చూడు” అంటూ టీ తాగడమే మరిచిపోయాం. ఆ ఫోటోలన్నీ చెల్లెలి లాయరుకు పంపాం.

ఇల్లు చెల్లెలిదేనని తీర్పు వచ్చింది. తాళంచెవి చేతికిచ్చే రోజు ఇద్దరం సెలవు పెట్టి ఆమె ఫ్లాట్‌లో ఫోను ముందు కూర్చున్నాం. వీడియోలో చెల్లెలు కనిపించింది. తాళం తీసింది. ఖాళీ గదిలో, పోలీసులు వెనక్కి తెప్పించిన కుట్టుమిషను ఒక్కటే ఉంది. దాని ముందు కూర్చుని, గుడ్డ లేకుండానే తొక్కడం మొదలుపెట్టింది. “అతనుంటే ఎంత సంబరపడేవాడో” అని నా స్నేహితురాలు కళ్లు తుడుచుకుంది. వెంటనే, నాలుక ఆడిస్తూ వాళ్ల ఆడవాళ్లు సంతోషంలో వేసే కేక వేసింది. అటు నుంచి చెల్లెలూ వేసింది. నాకు రాదు, అయినా వేశాను. పై ఫ్లాట్ ఆయన నేల తట్టాడు. తట్టుకోనీ!

చెప్పులేసుకుంటుంటే ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఇవాళ ఇది చావిల్లు కాదు. చెప్పి కదులు.”

మెట్లన్నీ మోగేలా అరిచాను, “పోయొస్త!”