విశ్రామ్ నేర్చుకున్న డ్రిల్లు సారు

మా డ్రిల్లు సారు పోయిన కబురు నాకు ధర్మవరం రైల్వే స్టేషన్లో తెలిసింది. కుచ్చులు కట్టిన పట్టుచీరలు షాపులో ఒప్పజెప్పి, హిందూపురం బండి కోసం సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాను. సారు కోడలు ఫోను చేసింది. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్కటే గోడ. ఏం కావాలన్నా గోడ మీదుగా కేకేస్తుందే గానీ ఫోను చేయదు. అందుకే ఆమె పేరు చూడగానే బెంచీ మీంచి లేచి నిలబడ్డాను.

"అక్కా, మామ లేస్తా లేడు," అంది. తర్వాత చాలాసేపు ఏడుపే. "పొద్దున చాప మీద ఎల్లకిల పండుకోనుండె. ఎప్పటి మాదిరే ఒళ్లు ఇడుచుకుంటాండాడేమో అనుకొని నేను పలకరించల్యా. కాఫీ చల్లారిపాయ. మల్లా కాంచినా. అదీ చల్లారిపాయ."

నిద్రలోనే పోయారని డాక్టరు చెప్పాడట. అంత సుఖమైన చావు ఎవరికొస్తుందని వీధిలో అందరూ అన్నారు. నాకు మాత్రం రెండోసారి కాచిన ఆ కాఫీయే మనసులో ఉండిపోయింది.

పెనుకొండ హైస్కూల్లో చదువుకున్న వాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఆయన విజిల్ మీకు ఇప్పటికీ గుర్తుంటుంది. ఎండలో వరసగా నిలబెట్టి "సావధాన్!" అన్నారంటే ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు. "ఈగకు డ్రిల్లు రాదు. నీకు వస్తాది కదా, నిలబడు," అనేవారు. "విశ్రామ్" అనడానికి మాత్రం ఆయనకు అంత తొందరగా నోరు వచ్చేది కాదు. కాళ్లు లాగేసి, మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాక గానీ ఆ మాట వినబడేది కాదు.

నేను పెళ్లయి హిందూపురం వచ్చాను. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ధర్మవరం షాపులకు చీర కుచ్చులు కడతాను. సారు రిటైరయ్యాక, భార్య పోయిన తర్వాత, కొడుకూ కోడలి దగ్గరకు వచ్చి మా పక్కింట్లో చేరారు. మొదటి రోజు గోడ మీదుగా ఆయన తల కనిపించగానే నేను కుట్టు మిషను దగ్గరి నుంచి లేచి నిటారుగా నిలబడిపోయాను. ఆయన నవ్వారు.

"కూసోమ్మా. ఉద్యోగమంతా సావధాన్ చెప్పి చెప్పి నా ఒళ్లే కట్టె మాదిరి అయిపోయింది. ఇప్పుడు విశ్రామ్ నేర్చుకుంటాండా."

నిజంగానే నేర్చుకుంటున్నారు. భార్య పోయినప్పటి నుంచి ఆయనకు సరిగా నిద్ర లేదు. ఒళ్లంతా వదులు చేసుకుంటే నిద్ర పడుతుందని ఎవరో ఫోను వీడియోలో చెప్తుంటే విన్నారట. రోజూ పొద్దునా మధ్యాహ్నమూ వరండాలో చాప వేసుకుని వెల్లకిలా పడుకునేవారు. కాలివేళ్లు గట్టిగా బిగబట్టి, మెల్లగా వదిలేయడం. తర్వాత పిక్కలు, తొడలు, పొట్ట, భుజాలు, చివరకు నొసలు. దాన్నే ఆయన ఒళ్లు ఇడుచుకోవడం అనేవారు. ఒకసారి పాలు పోసే ఆమె ఆయన్ను అలా చూసి "అయ్యో, సారు పాయనే!" అని కేక పెట్టింది. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. సారు కళ్లు తెరవకుండానే అన్నారు: "యాడికీ పోల్యాదమ్మా. నువ్వు పాలు సరిగా కొలిచి పొయ్యి."

దానికి తోడు ఆయనకు బొమ్మల పిచ్చి. పారేసే వస్తువుతోనే చేయాలని పంతం. దారం అయిపోయిన రీళ్లు నా దగ్గర అడిగి తీసుకునేవారు. రీలు లోపల రబ్బరు బ్యాండు దూర్చి, ఒక పక్క కొవ్వొత్తి ముక్క, ఇంకో పక్క పుల్ల పెట్టి తిప్పి వదిలితే అది తనంతట తానే గడప ఎక్కేది. ఎక్కకుండా పడిపోతే ఆయనకు ఇంకా సంతోషం. "చెడిపోనీ. చెడగొట్టకుండా చేతికి తెలివి రాదు," అనేవారు. ఈ మాట అన్నది పంక్తి తప్పితే గ్రౌండు చుట్టూ పరుగెత్తించిన మనిషేనా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

మా పాప మూడో తరగతిలో ఉండగా బడి నుంచి వస్తుంటే వీధి కుక్క పిక్క పట్టుకుంది. ఆస్పత్రిలో సూదులు వేయించాం. పుండు మానింది. కల మానలేదు. కళ్లు మూస్తే కుక్క వస్తుందని పాప నిద్రపోయేది కాదు. బడిలో బెంచీ మీద తూగేది. కుక్క కరిచిన సందు మలుపు దగ్గరికి రాగానే నా చీర పట్టుకుని వణికేది. మా అత్త దిష్టి తీసింది. దర్గాలో తాయెత్తు కట్టించాను. బిడ్డ చిక్కి సగమైంది. నాకు భయం పట్టుకుంది.

ఒక ఆదివారం సారు గోడ దగ్గరికి వచ్చి పాపను పిలిచారు.

"పాపా, ఆ కుక్క ఎట్లుండాదో నాకు తెలీదు. చేసి చూపిస్తావా?"

పాప నా వెనక దాక్కుంది. సారు ఏమీ బలవంతం చేయలేదు. మా ఆయన పాత సాక్సు ఒకటి, నా మిషను కింద పడిన గుడ్డపేలికలు తీసుకుని తనే మొదలుపెట్టారు. చూసి చూసి పాప మెల్లగా దగ్గరకు జరిగింది. "అంత లావు కాదు తాతా," అంది. కాసేపటికి తనే పేలికలు కూరుతోంది. ఒక కన్నుకు చొక్కా గుండీ కుట్టారు, రెండో గుండీ దొరక్క జాకెట్టు హుక్కు పెట్టారు. చెవులకు పట్టుచీర అంచు ముక్కలు. పళ్లెన్ని పెట్టాలని సారు అడిగితే పాప చాలాసేపు ఆలోచించి, "పళ్లు వద్దులే," అంది.

ఆ తర్వాత ఆయన అసలు ఆట నేర్పారు. రోజులో ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు అరచేయి చూసుకుని "ఇది కలా, నిజమా?" అని అడగాలి. వేళ్లు లెక్కపెట్టాలి. మెలకువగా ఉండగా అలవాటైతే, కలలోనూ చేయి చూసుకుని అడుగుతామట. కలలో వేళ్ల లెక్క కుదరదు కాబట్టి, అప్పుడు కల అని కలలోనే తెలిసిపోతుందట. తెలిసిపోతే ఇక భయం దేనికి? ఇద్దరూ ఎక్కడ ఎదురుపడితే అక్కడ ఒకరినొకరు ఆ ప్రశ్నతో పట్టుకునేవారు. కూరగాయల బండి దగ్గర, ఆటోలో, ఒకసారి పెళ్లి పందిట్లో కూడా. తలంబ్రాలు పోస్తుంటే సారు వెనక నుంచి "పాపా, కలా నిజమా?" అని అరిచారు. పెళ్లికొడుకు కూడా చేయి చూసుకున్నాడు.

పడుకునే ముందు పాప చేత ఒళ్లు ఇడుచుకోవడం నేను చేయించాలి. చేయించడానికి నేనూ పక్కన పడుకుని చేయాల్సి వచ్చేది. మిషను మీద వంగి వంగి బిగుసుకుపోయిన నా మెడ అలా వదులైంది. "నీ నొసట్లో ఏముందమ్మా, మూటనా? దించు," అని సారు అన్నప్పుడు గానీ, నేను ఎప్పుడూ నొసలు ముడేసుకుని ఉంటానని నాకే తెలియదు.

వారాలు గడిచాయి. కల వస్తూనే ఉంది. నాకు ఆశ పోయింది. ఒక పొద్దున పాప లేచి, ముఖం కూడా కడగకుండా గోడ దగ్గరికి పరుగెత్తింది.

"తాతా! కుక్క వచ్చింది. పెద్దది. కానీ కన్ను చూస్తే గుండీ! అప్పుడు నాకు కలని తెలిసిపాయ."

"ఏం జేసినావు?" సారు చేతిలో నీళ్ల మగ్గు అలాగే ఉండిపోయింది.

"దాని కాలు దగ్గర కుట్టు ఊడిండాది తాతా. పేలికలు బయటికి వస్తాండాయి. 'ఉండు, మా అమ్మ కుట్టిస్తాదిలే' అని చెప్పినా. అది కూర్చునింది."

సారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. తర్వాత పిల్లలాగా అడిగారు: "నాకూ నేర్పించు పాపా. నాకు రాలేదు."

అప్పుడు తెలిసింది, ఆ ఆట ఆయన తన కోసం మొదలుపెట్టిందని. భార్య ఆయనకు కలలోకి వచ్చేది. పెనుకొండలో సాయంత్రాలు ఇద్దరూ కోట వైపు నడిచేవారట. "బతికినన్నాళ్లూ నేను ముందు, ఆమె వెనక. కల్లో ఆమె ముందర పోతాంటాది. ఎనక్కి తిరగదు. పిలుద్దామంటే గొంతు రాదు. విజిల్ ఊదితే అదీ పలకదు. కలని తెలిస్తే చాలమ్మా, ఉరికి పోయి ముందర నిలబడతా."

"అయితే అవ్వ బొమ్మ చెయ్యి తాతా," అంది పాప, గురువులా.

చేశారు. నా సంచిలో ఆకుపచ్చ పట్టు ముక్క, ఆవపువ్వు రంగు అంచు వెతికి తీసుకున్నారు. వేరే రంగు ఇస్తే ఒప్పుకోలేదు. జడ, కొంగు, అన్నీ కుదిరాయి. ముఖం మాత్రం కుట్టలేకపోయారు. సూది పట్టుకోవడం, దించేయడం. "ఇది నాతో కాదమ్మా," అని అలాగే వదిలేశారు.

పోయిన ఎండాకాలం ఒకరోజు నేను బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల నిలబడి ఉన్నారు. ముఖం చూస్తేనే తెలిసింది. పాపను పిలవమన్నారు.

"తిరిగింది," అన్నారు. "ఆమె చీర పచ్చగా ఉంటే, ఇది మనం చేసిందే కదా అనిపించింది. చేయి చూసుకున్నా. వేళ్లు ఎన్నో ఉండాయి, లెక్క తెగల్యా. కలే! పిలిచినా. తిరిగి చూసింది."

"ఏమనింది తాతా?"

"'ఎంతసేపు నిలబడతావు, కూసో' అనింది. ఇద్దరం ఆడ రాయి మీద కూసున్నాం. అంతే. మెలకువ వచ్చేసింది."

"ముఖం ఎట్లుండె? చెప్పు, బొమ్మకు నేను కుడతా."

సారు నవ్వి తల అడ్డంగా ఊపారు. "చెప్పను పో. అది నాది."

ఆ తర్వాత ఆయన రోజూ బాగా నిద్రపోయారని కోడలు చెప్పింది. నేనూ గమనించాను. మధ్యాహ్నాలు గోడ అవతల నుంచి గురక వినిపించేది. ఆ గురకకు నా మిషను చప్పుడు తోడుగా ఉండేది. ఇప్పుడు మిషను ఆపినప్పుడల్లా ఇల్లు మరీ నిశ్శబ్దంగా తోస్తోంది.

పెద్దకర్మ పెనుకొండలో, ఆయన అన్నగారి ఇంట్లో చేశారు. పాపను తీసుకుని వెళ్లాను. దారి పొడుగునా పాప ఏడవలేదు. బస్సు దిగుతుండగా అడిగింది: "అమ్మా, తాత నిద్రలోనే పోయినాడు కదా. చేయి చూసుకొనింటాడా?"

నాకు తెలియదని చెప్పాను.

ఆయన దగ్గర డ్రిల్లు నేర్చుకున్న వాళ్లు చాలామంది వచ్చారు. బస్సు కండక్టరు, హెడ్ కానిస్టేబుల్, గోరంట్ల నుంచి మనవడిని ఎత్తుకుని వచ్చిన ఎరువుల షాపాయన. అందరికీ జుట్టు నెరిసింది, పొట్టలు వచ్చాయి. భోజనాలు పెరట్లో. పెరట్లోకి పోవాలంటే వరండా దాటాలి. ఆ వరండా మధ్యలో, ఎప్పుడు నిద్ర వచ్చిందో, మా పాప చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు రెండు పక్కలా తెరిచి, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతోంది. లేపబోయాను. హెడ్ కానిస్టేబుల్ వద్దని చేత్తో సైగ చేసి, పెదవుల మీద వేలు పెట్టుకుని వెనక వాళ్ల వైపు తిరిగాడు. మాటలు ఆగిపోయాయి. ఆయన వంగి చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. కండక్టరు విప్పాడు. ఎరువుల షాపాయన మనవడిని భుజం మార్చుకుని తనవీ విప్పాడు. ఒకరి వెనక ఒకరు, అంతంత పెద్ద మనుషులు, చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ల మీద, ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్న పిల్ల పక్కనుంచి అన్నానికి నడిచి వెళ్లారు.