మామ పుట్టించిన చలి

తలకు రంగు వేసుకునేటప్పుడు గిన్నెలోంచి లేచే అమ్మోనియా ఘాటు ముక్కుకు తగలగానే, నేను కోయంబత్తూరు దగ్గరి కారమడైలో మా మామ రేకుల షెడ్డులోకి వెళ్ళిపోతాను.

మామ, అంటే అమ్మ తమ్ముడు, మా ఇంటి వెనకే బావి మోటార్లు బాగుచేసేవాడు. మాసి నెలలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో, రంగనాథస్వామి తేరు కదిలితే వీధంతా దుమ్ము, మేళం, దవనం వాసన. మా అవ్వ గుండిగలతో పానకం కలిపి దారినపోయేవాళ్ళకు పోసేది. మా చెల్లెలు సరోజకు మాత్రం చుక్క కూడా ఇవ్వకూడదు. ఆరేళ్ళకే దానికి చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది వేయాలి, ఆ మందు చల్లగా ఉండాలి. వీధిలో ఎవరింటా ఫ్రిజ్ లేదు. మేట్టుపాళయం నుంచి రంపపు పొట్టులో చుట్టి తెచ్చిన ఐసు మధ్యాహ్నానికే నీళ్ళయ్యేది. ఒక ఎండాకాలం మందు చెడిపోయి, చెల్లెలు స్పృహ తప్పి, కోయంబత్తూరు ఆస్పత్రిలో పదిరోజులు పడి ఉంది.

మామ అప్పుడు పూనుకున్నాడు. కొండమీది తేయాకు తోట బంగళాలో కిరసనాయిలు దీపంతో నడిచే ఫ్రిజ్ ఒకదాన్ని ఆయన విప్పి చూసి ఉన్నాడు. రెండు బోలు ఇనుప గుండ్లను గొట్టంతో కలిపి, లోపల అమ్మోనియా, నీళ్ళు పోసి బిగించాడు. పొద్దున ఒక గుండును పొయ్యిమీద కాచి దించితే, రెండోది రోజంతా చల్లబడాలి. మొదటిసారి అతుకు కారి ఆయన కళ్ళు వాచిపోయాయి.

"కండ్లు పోతే నీకు దిక్కెవరురా?" అంది అవ్వ.

ఆయన మళ్ళీ అతికాడు. మూడోసారికి గుండుమీద తెల్లగా మంచు పట్టింది. దాన్ని చెక్కపెట్టెలో ఉంచి, మందు గడ్డకట్టకుండా కాస్త ఎడంగా సీసాలు పెట్టాడు.

మందు నిలిచిందని తెలిసేదెట్లా? అమ్మ రోజూ గాజు గొట్టంలో చక్కెరను పట్టిచ్చే నీలిరంగు ద్రావకం పోసి, చెల్లెలి మూత్రం చుక్కలు వేసి కాచేది. ఎర్రబడితే చక్కెర ఎక్కువై ప్రమాదం, నీలంగా నిలిస్తే క్షేమం. వారం తర్వాత, నిప్పులు చెరిగే ఎండలో, అందరం కుంపటి చుట్టూ నిలుచున్నాం. గొట్టం కుతకుతా ఉడికింది. నీలం చెదరలేదు.

"అక్కా, ఇంక కవలపడొద్దు, దిగులొద్దు. మందు బాగుండాది," అన్నాడు మామ.

అమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. ఆ మధ్యాహ్నం, ఎన్నో నెలల తర్వాత, కంటినిండా నిద్రపోయింది.

షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. గుండ్లు పాత ఇనుములో పోయాయి, మామా పోయాడు. ఆ ఊళ్ళో తన చేతులతో చలి పుట్టించిన మనిషి ఒకడుండేవాడని ఎవరికీ తెలియదు. సరోజకు అరవై దాటాయి. పోయిన నెల మనవడికి పేరు పెట్టేటప్పుడు, ఎవరినీ అడక్కుండా, వంగి వాడి చెవిలో మామ పేరు చెప్పింది.