దీక్షా శిబిరం శాలువా

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో సిరిసిల్లలో రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. శిబిరం పెద్ద రోజుకొకరికి జరీ అంచు శాలువా కప్పి, పక్కనే నిలబడి ఫోటో దిగేవాడు. ఎవరికి కప్పినా తన ముఖమే ముందుండేది. ఒకరోజు మా బాపు వంతు వచ్చింది. నలభై ఏళ్లుగా సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, ఎవరి బట్టో నేసిన కూలి ఆయన. తనకంటూ ఎవరైనా బట్ట పెట్టడం అదే మొదలు. సాయంత్రం నిమ్మరసం తాగి, శాలువా భుజానేసుకుని ఇంటికి వచ్చేశాడు.

మరునాడే కోరుట్లలో మా అక్క అత్తగారింటికి పోయి దాన్ని అక్క మామకు కప్పాడు. మేమేం తీసుకుపోయినా మూతి తిప్పే మనిషి, ఆ రోజు అద్దం ముందు నిలబడ్డాడట. ఇక అక్కకు ఆ ఇంట్లో సూటిపోటి మాటలు తగ్గుతాయని బాపు సంబరం.

ఆ మరుసటి రోజు శిబిరం పెద్ద మా గుమ్మంలో నిలబడ్డాడు.

"గా శాలువ ఇయ్యే. నిన్న దండతోనే నడిపిచ్చినం."

"నాకిచ్చిండ్రనుకున్న సారూ..."

"గట్ల అందరికిచ్చుకుంట పోతే ఎట్లనే? ఉన్నదొక్కటే."

బాపు, నేను కోరుట్ల బస్సెక్కాం. బాపు నోరు తెరవకముందే అక్క మామ అందుకున్నాడు. "బావా, నీ శాలువ మస్తు పనికచ్చింది. జగిత్యాల లీడరచ్చిండు, గాయనకే కప్పిన. ఫోటో పేపర్ల పడ్డది!"

తరువాత కాలేజీలో మానవశాస్త్రం చదివాను. కానుక చేతులు మారుతూ ఉంటేనే మనుషుల మధ్య బంధం నిలుస్తుందట. సొమ్మొకడిది, సోకొకడిది అనే ముక్క మాత్రం ఆ పాఠంలో లేదు. ఆ ఇద్దరు పెద్దమనుషులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బాపు కోరుట్ల బజారులోనే మూడు రోజుల కూలి పెట్టి కొత్త శాలువా కొన్నాడు. వద్దని చెయ్యి పట్టుకున్నాను.

"తెలంగాణ కోసం కూసున్న బిడ్డా. శాలువ ఎత్కపోయిండని అనిపిచ్చుకోవాల్నా?"

టెంటు దగ్గర శిబిరం పెద్ద మడత విప్పి చూశాడు. "పాతదే మంచిగుండె," అన్నాడు.

బట్ట గురించి ఊరంతటికీ చెప్పగలిగిన మా బాపు, చేతులు కట్టుకుని "అవును సారూ" అన్నాడు.