గుడ్డ కింద నెమళ్లు

పెడనలో కలంకారీ అచ్చులకు డిజైన్లు గీసే సువార్తమ్మకు దుమ్మంటే పడదు. టీవీ, మిక్సీ, చివరికి ల్యాప్‌టాప్‌కు తగిలించిన పెద్ద మానిటర్ కూడా ఆవిడ అద్దిన గుడ్డల కిందే ఉంటాయి. ఆ ఉదయం షావుకారు బందరు నుంచి ఆవిడ గీసిన చీర అంచు చూడ్డానికి బయల్దేరాడు. నచ్చితే ఏడాదంతా పని. తీరా ఫైలు నొక్కితే ల్యాప్‌టాప్ తెర మీదికి బొమ్మ రాదు. ఆవిడ కంగారుపడి రిపేర్లు చేసే శ్యాంబాబును పిలిచింది. అతను మౌస్ జరిపాడు. బాణం తెర అంచు దాటి మాయమైంది.

"పెద్దమ్మా, పక్కదాని ముసుగు తియ్యండి."

తీస్తే మానిటర్ నిండా నెమళ్లు.

"నిన్న పెద్దగా కనపడాలని బొమ్మను ఇటు లాగాను. ఆర్పకుండా కప్పేసింది కూడా నేనే. ఇంక ఎవర్ని తిట్టను?" అని సువార్తమ్మ నవ్వేసింది.

షావుకారుకు నెమళ్లు నచ్చాయి. మానిటర్‌కు ముసుగు మాత్రం తప్పలేదు. కాకపోతే ఇప్పుడు కప్పేముందు, లోపల ఎవరైనా ఉండిపోయారేమోనన్నట్టు ఓసారి తొంగిచూస్తుంది.