జువ్వలదిన్నెలో దిగిన నా అంతరిక్ష నౌక

కాలేజీలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, రెండేళ్ల కిందట మీటలు తిప్పితే శబ్దాలు పుట్టించే, టిఫిన్ డబ్బా మూతంత సింథసైజర్ ఒకటి కొనుక్కున్నాను. ఈ వయసులో ఇదెందుకని అడిగినవాళ్లకు భగవద్గీత మొత్తం కంఠస్థమైపోయిందని చెప్పాను. కాలేదు, కానీ వాళ్లు మళ్లీ అడగలేదు. నా మనవరాలు హారిక బెంగళూరులో ఇద్దరు స్నేహితులతో కలిసి ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తుంది. వాళ్ల కొత్త పాట, వేరే లోకపు నౌక ఒకటి భూమ్మీద దిగడంతో మొదలవుతుంది. ఆ దిగే శబ్దం చేసే పని నాకిచ్చారు. పదకొండు సార్లు చేసి పంపాను, పదకొండూ తిరిగొచ్చాయి. చివరిదానికి హారిక, "అమ్మమ్మా, ఇది మిక్సీలో చట్నీ తిరిగినట్టుంది" అని రాసింది. శనివారం సాయంత్రం ఐదింటికి పాట ముగించేస్తారట, అప్పటికి అందకపోతే నెట్‌లో దొరికే రెడీమేడ్ శబ్దం పెట్టేస్తారట. రెడీమేడ్ అంటే నాకు జాకెట్లు గుర్తొస్తాయి. ఒక్కటీ సరిగ్గా పట్టదు. దూరం నుంచి వచ్చి ఒడ్డున ఆగే పెద్ద వస్తువును ఒకసారి చెవులారా వినాలనిపించి, శనివారం పొద్దున్నే బయలుదేరాను.

బుచ్చిరెడ్డిపాలెంలో ఐదున్నర బస్సు ఎక్కితే ఆరుంబావుకల్లా నెల్లూరు. అక్కణ్ణించి కావలికి గంటకు పైన పట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్ గనుక, అప్పటిదాకా ఖర్చంతా కావలిలో తిన్న కారం దోసెకే. దోసె బాగుంది, నోరు తొమ్మిదింటిదాకా మండింది. బస్టాండు బయట మస్తాన్ అనే ఆటో అతను, జువ్వలదిన్నెకు పోనూ రానూ అక్కడ ఆగడానికీ కలిపి ఎనిమిది వందలన్నాడు. కొంచెం దూరం పోయాక అద్దంలోంచి నా సంచి చూశాడు.

"ఆ సంచిలో ఏందమ్మా, అంత భద్రంగా పట్టుకోనుండారు?"

"అంతరిక్ష నౌక నాయనా."

ఆటో వేగం తగ్గించి అన్నాడు: "అయితే సీటు కింద పెట్టమాకండి. ఇంజను వేడి తగలతాది."

తొమ్మిది దాటేసరికి జువ్వలదిన్నె చేపల హార్బరు చేరాం. పడవ ఇంజన్లు బాగుచేసే పోలయ్య, చమురు లుంగీతో బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. వచ్చిన పని చెప్పి, చిన్న స్పీకర్లో నా పదకొండో నౌకను వినిపించాను. మెడ వాల్చి చివరిదాకా విన్నాడు.

"ఇది ఉట్టి పడవమ్మా."

"పడవ కాదయ్యా, ఆకాశం నుంచి దిగేది."

"యాడనుంచి దిగితే ఏంది? లోపల ఏమన్నా ఉండాదా లేదా? దీంట్లో బరువు లేదు. చేపలు పడ్డ పడవ ఇట్టా అరవదు, మూలగతాది."

ముప్పై ఏళ్లు పిల్లల పేపర్ల మీద ఎర్రసిరా పూసిన నాకు, నా పేపరు మీద ఎర్రగీత పడటం ఇదే మొదలు. ఆ సమయానికే పక్కపక్కన కట్టిన రెండు పడవల ఇంజన్లను పరీక్షకు ఆన్ చేశారు. రెండు మోతలూ కలిసి, వూం... వూం... అని ఊపిరి తీసినట్టు లేస్తూ పడుతూ ఉన్నాయి. "రెండిటికీ అడుగు కలవడంల్యా, పోట్లాడుకుంటా ఉండాయి" అన్నాడు పోలయ్య. మా పుస్తకాల్లో దీన్నే విస్పందనాలంటారు. రెండు శబ్దాల పౌనఃపున్యాల్లో కొద్ది తేడా ఉంటే కలిగే హెచ్చుతగ్గులు. ఏటేటా బోర్డు మీద గీసిన ఆ బొమ్మ, ఆ రోజు నా పక్కటెముకల్లో మోగింది. నా తప్పు కూడా అప్పుడే దొరికింది. సింథసైజర్లో శబ్దం పుట్టించే ఆసిలేటర్లు రెండు ఉంటాయి. మాస్టారి బుద్ధి పోనిచ్చుకోక, రెంటినీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే శ్రుతిలో పెట్టాను. లెక్క సరిపోయింది, ప్రాణం పోయింది.

వలలు బాగుచేసే షెడ్డు నీడలో కూర్చున్నాను. ఒక ఆసిలేటర్ను సెకనుకు యాభై అయిదు కంపనాల దగ్గర, రెండోదాన్ని యాభై ఆరు దగ్గర ఉంచితే, సెకనుకొకసారి మూలుగు వచ్చింది. పదునైన స్వరాల్ని వడగట్టే ఫిల్టర్ను మెల్లగా మూస్తూ, అడుగున నురుగు లాంటి హోరు కొంచెం పోశాను. పోలయ్య స్పానరు పక్కన పెట్టి మరీ గురువైపోయాడు. "ఇంకా కిందికమ్మా. గట్టు దగ్గరపడేకొద్దీ గొంతు దిగాల." శ్రుతిని కూడా దించాను. ఆకలి సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

పన్నెండు దాటాక స్పీకర్ను బయట పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, ఆరుబయట ఎలా వినిపిస్తుందో చూద్దామని ఫోన్లో రికార్డింగ్ మొదలుపెట్టాను. నౌక ఇంకా సగం దిగిందో లేదో, షెడ్డు వెనక కూర్చున్న చేపలమ్మే ఆడవాళ్లు బుట్టలు తీసుకుని గట్టు మీదికి పరుగు తీశారు. అందరికంటే ముందున్నావిడ పేరు బుజ్జమ్మ. సముద్రం వైపు చూసింది, ఖాళీ. స్పీకర్ను చూసింది, నన్ను చూసింది.

"చేపలేవి?"

"పడవ రాలేదమ్మా, ఇది నేను..."

"రాకుండానే అరిసిందా? సదువుకున్నదాని మాదిరుండావు, ఇంతమందిని ఎండలో పరిగెత్తిస్తివే."

పోలయ్య నవ్వుతూ పెట్టె మీంచి జారాడు. నేను క్షమించమని అడిగి, సంగతి చెప్పాను. బుజ్జమ్మ బుట్ట దించి, "ఇంకోసారి పెట్టు. ఈసారి పరిగెత్తంలే" అంది. కళ్లు మూసుకుని వింది. "నిండా పడినాయి" అంది చివరికి. యూనివర్సిటీ నాకిచ్చిన పట్టా మీద కూడా ఇంత మంచి మాట లేదు.

మూడున్నరదాకా సరిదిద్దిన శబ్దాన్నీ, ఫోన్ రికార్డింగునూ అక్కడే హారికకు పంపి కావలికి బయలుదేరాం. దారిలో బోగోలు దగ్గర జవాబొచ్చింది. "అమ్మమ్మా, నౌక ఖాయం. కానీ 'చేపలేవి' అన్నదెవరు? ఆ గొంతు కూడా పాటలో కావాలి." అడగకుండా ఒకరి గొంతు వాడుకోవడం దొంగతనం. ఆటో తిప్పమన్నాను. మస్తాన్ బేరం పెట్టకుండా తిప్పాడు, ఆ మర్యాదకు రెండు వందలు ఎక్కువిచ్చాను. బుజ్జమ్మ రికార్డింగ్ రెండుసార్లు విని, "పెట్టుకో. నా పేరు కూడా రాయాల, పోలయ్య పేరుకు పైన" అంది. ఐదుకు ఇరవై నిమిషాలుండగా ఆ సంగతి బెంగళూరు చేరింది.

ఇప్పుడు ఆ పాట మొదట్లో నౌక దిగుతుంది, మూలుగు ఆగుతుంది, ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత వేరే లోకం వాళ్లతో భూలోకం పలికే మొదటి మాట "చేపలేవి?" ఎన్ని దేశాల శాస్త్రజ్ఞులు కూర్చుని రాసినా ఇంతకంటే సూటి ప్రశ్న వేయలేరని నా నమ్మకం. ఎవరూ వినని శబ్దాన్ని గదిలో కూర్చుని ఊహించాలనుకోవడమే నా పొరపాటు. దూరం నుంచి వచ్చేదాన్ని రోజూ చెవితో తూచే మనుషులు, రెండు బస్సుల అవతలే ఉన్నారు.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒకే సలహా: స్పీకర్ బయటికి తీయకముందే చేపలు కొనుక్కోండి. తర్వాత పడవ వచ్చాక బుజ్జమ్మ నాకు చెప్పిన చేపల ధరలో, ఎండలో పరిగెత్తిన కూలి కూడా కలిసి ఉంది.