ఒకే అపొస్తలుడు, రెండు మాటలు

మా పెద్దమామకు దేవుని వాక్యమంతా కంఠతా వచ్చు. ముఖ్యంగా ఆడవాళ్లకు వర్తించే భాగం. మగవాళ్ల భాగం దగ్గరికి వచ్చేసరికి పాపం, ఆయనకు కళ్లద్దాలు దొరకవు.

నా భర్త కామెర్లతో పోయాక ఆయన గని ఉద్యోగం నాకిచ్చారు. మా గోదావరిఖనిలో అది ఆనవాయితీ. మనిషి పోతే కొలువు ఇంట్లో ఇంకొకరికి వస్తుంది. నాకు కొలువుతోపాటు దాని మీద హక్కుందనుకునే చుట్టాలందరూ వచ్చారు. ల్యాంపు రూములో కూర్చుని, గనిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించడం నా పని. అక్కడే పనిచేసే ఒకాయన నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. నాకూ ఇష్టమే. ముప్పై నిండని మనిషిని, ఇష్టం ఉండకూడదా?

ఉండకూడదట. ఆదివారం ఆరాధన కాగానే పెద్దమామ పాస్టరుగారిని వెంటబెట్టుకుని మా క్వార్టరుకు వచ్చాడు. ఆయన నా భర్తకు పెదనాన్న, సంఘానికి పెద్ద, నా జీతానికి కూడా తానే పెద్దననుకుంటాడు. నాతోనే ఉండే మా అత్త, నా భర్త తల్లి, చాయ్ ఇచ్చి వంటింటి గడప మీద కూర్చుంది.

"విధవరాలు ఉన్నట్టే ఉంటె ఇంకా ధన్యురాలని అపొస్తలుడు రాసిండు బిడ్డా," అన్నాడు పెద్దమామ. రెండు గుక్కల చాయ్ తాగి అసలు సంగతికి వచ్చాడు. "నువ్వు పోతె కొలువు గూడ నీ ఎంటనే పాయె. ఇగ ఈ ముసల్దాన్ని ఎవలు సూస్తరు?"

"అత్తమ్మ నాతోనే ఉంటది. గా ముచ్చట ఆయనకు ముందుగాల్నే చెప్పిన, సరే అన్నడు. ఆమె ఫికర్ మీకెందుకు?" అన్నాను. "గదే అపొస్తలుడు ఇంకోకాడ వయసుల ఉన్న విధవరాండ్లు పెండ్లి జేసుకోవాలె, పిల్లల కనాలె అని రాసిండు గద. అది సదువుతలేరేంది?"

పెద్దమామకు దగ్గు వచ్చింది. పాస్టరుగారు అందుకున్నారు. "రెండూ సత్యమేనమ్మా. సందర్భం వేరు."

ఆహా, ఏం సందర్భమో! పెద్దత్త పోయి ఏడాది తిరగకముందే పెద్దమామ రెండో పెళ్లి చేసుకున్నాడు. నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదన్న వాక్యం చదివి, కడుపునిండా బిర్యానీ తిని, దీవించి వెళ్లింది ఈ పాస్టరుగారే. ఆ రోజు సందర్భానికి సెలవేమో.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రెండో మాట కూడా ఇక్కడే, అందరి ముందూ చదవమన్నాను. పాస్టరుగారు పెద్దమామ వంక చూశారు. పెద్దమామ ఫ్యాను వంక చూశాడు. చివరికి పేజీలు తిప్పి, చదివీ చదవనట్టు చదివారు.

"అయ్యగారూ, మల్లొక్కపారి సదువుండ్రి," అంది అత్త.

అందరం అటు తిరిగాం. అత్తకు చదువు రాదు. ఇన్నేళ్లూ పెద్దమామ చదివి చెప్పిందే ఆమెకు వాక్యం. నా భర్త చంకలో ఉండగానే ఆమె విధవరాలైంది. కూలికి పోయి కొడుకును పెంచింది.

పాస్టరుగారు ఈసారి గట్టిగా చదివారు. అత్త గడప మీంచి లేచి పెద్దమామ ఎదురుగా వచ్చి నిలబడింది.

"బావా, నాకు ఇరవై ఏండ్లప్పుడు మా అవ్వగారోళ్లు సంబంధం తెస్తె, మొదటిది సదివి వాళ్లను ఎల్లగొట్టినవ్. గీ రెండోది గప్పుడు లేకుండెనా?"