తడిపి చూసే అవ్వ

ఎమ్మిగనూరులో మా పక్కింటి మగ్గం అవ్వ ఏ కొత్త గుడ్డనైనా ముందు తడిపి చూసేది. రంగు దిగితే పక్కన పడేసేది.

రాత్రిబడిలో మాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ ఆదోని కొండమీద బండల సందున ఒక డబ్బా దాచాలనుకుంది. అదొక ఆట; ఫోన్‌లో గుర్తు చూసుకుంటూ వెతికి పట్టుకున్నవాళ్లు అందులోని పుస్తకంలో పేరు రాసి పోవాలి. ఆ పుస్తకం అవ్వ కుట్టింది. మొదటి పేజీలో మా క్లాసు ఆడవాళ్లందరం మా పేర్లు రాశాం. అందరూ పెన్నుతో రాస్తే, తప్పు రాస్తానేమోనన్న భయంతో నేను పెన్సిలు పట్టుకున్నాను.

"ఇంగా ఒకటో క్లాసేనా అక్కా?" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అవ్వ ఆ పేజీ మీద చెంబెడు నీళ్లు పోసింది. పేర్లన్నీ నీలంగా కారిపోయాయి. నా పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇది ఎవురిది?" అంది చదువురాని అవ్వ.

"నాదే అవ్వా."

"రంగు దిగల్యా. నా పేరు గూడా దాంతోనే రాయి మే."

కొత్త పేజీలో అవ్వ పేరు రాశాను. నవ్వినవాళ్లు నా పెన్సిలు కోసం చేతులు చాచి నిలబడ్డారు. అవ్వ మాత్రం వేలు తడుపుకుని తన పేరు మీద గట్టిగా రుద్దింది. అది నిలిచింది.